పెద్ద ఇంజన్ల రోజుల్లో చిన్న ఇంజన్‌ని నమ్ముకున్న కోయంబత్తూరు కరివర్ధన్

మా సంఘంలో నెలకోసారి తమిళనాడు తెలుగు ప్రముఖుల్లో ఒకరి గురించి అరగంట చెప్పుకునే అలవాటు ఉంది. పిట్టి త్యాగరాయ చెట్టి గారు, జి.డి. నాయుడు గారు లాంటి పేర్లు ఇప్పటికి రెండు మూడు సార్లు తిరిగాయి. పోయిన నెల వంతు నాది. కార్యదర్శిని కదా, కొత్త పేరు తెద్దామని ఎస్. కరివర్ధన్ గారి పేరు చెప్పాను. హాల్లో నలభై మంది ఉంటే తల ఊపింది ఇద్దరు. అందులో ఒకాయన కోయంబత్తూరు అల్లుడు, రెండో ఆయన మా బావ. మిగతావాళ్లు ఆయన సినిమా మనిషా, రాజకీయ నాయకుడా అని అడిగారు. ఆ అరగంటలో చెప్పింది, చెప్పలేకపోయింది కలిపి ఇక్కడ రాస్తున్నాను.

కరివర్ధన్ రేసు కార్ల మనిషి. మోటారు పందేల లోకంలో అందరూ ఆయన్ని 'కరి' అనే పిలిచేవారు. గజేంద్ర మోక్షం విన్న మనవాళ్లకి కరి అంటే ఏనుగని వేరే చెప్పక్కర్లేదు. విచిత్రం ఏమిటంటే, ఏనుగు పేరు పెట్టుకున్న ఈ మనిషి తన జీవితంలో చేసిన గొప్ప పని చిన్న ఇంజన్‌ని నమ్ముకోవడం.

ఆయన 1954లో కోయంబత్తూరులో, లక్ష్మీ మిల్స్ కుటుంబంలో పుట్టారు. ఆ మిల్లుకి పునాది వేసింది జి. కుప్పుస్వామి నాయుడు గారు, 1910లో. కోయంబత్తూరు, చుట్టుపక్కల పల్లెల్లో నాయుళ్ల ఇళ్ల సంగతి మన పాఠకులకు తెలుసు. తాతలు ఎప్పుడో నాయక రాజుల కాలంలో వచ్చి నల్లరేగడిలో పత్తి పండించారు, పత్తి నుంచి జిన్నింగ్‌కి, జిన్నింగ్ నుంచి నూలు మిల్లుకి, మిల్లు నుంచి యంత్రాల తయారీకి ఎక్కారు. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం. చాలా ఇళ్లలో ఇప్పుడు ఆ ఇంటి తెలుగు కూడా పలచబడింది, అది వేరే బాధ. కానీ యంత్రం విప్పి చూడాలన్న గుణం మాత్రం ఆ ఊరిని వదల్లేదు. జి.డి. నాయుడు గారు కుర్రతనంలో ఒక రడ్జ్ మోటారుసైకిల్ కొనుక్కుని, దాన్ని ముక్కలుగా విప్పి మళ్లీ బిగించి మెకానిక్ అయ్యారు. ఆయనే 1952లో ఇద్దరు కూర్చునే చిన్న పెట్రోలు కారు తయారు చేసి రెండు వేల రూపాయలకు అమ్ముతానన్నారు. ప్రభుత్వం లైసెన్సు ఇవ్వలేదు, ఆ కారు అక్కడే ఆగిపోయింది. కరి పుట్టింది ఆ తర్వాత రెండేళ్లకి, అదే ఊళ్లో. కోయంబత్తూరులో చిన్న కారు ఆలోచనకి కరి కంటే రెండేళ్లు వయసు ఎక్కువ అన్నమాట.

మిల్లు యజమానుల ఇంట్లో పుట్టిన పిల్లవాడు కార్ల మీద మోజుపడటంలో వింత లేదు. డబ్బున్నవాళ్లకి అది మామూలే. ఆ మోజు ఎటు తిరిగిందన్నదే ఇక్కడ విషయం. అది తెలియాలంటే మన షోలవరం సంగతి కొంత చెప్పాలి.

రెడ్ హిల్స్ దాటాక, నెల్లూరు వైపు వెళ్లే జి.ఎన్.టి. రోడ్డు పక్కన షోలవరంలో రెండో ప్రపంచ యుద్ధం నాటి విమానాల రన్‌వే ఒకటి ఉండేది. 1953లో ఏర్పడిన మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్ వాళ్లు ఆ రన్‌వే మీద పందేలు పెట్టేవారు. ఫిబ్రవరి వచ్చిందంటే ఊరంతా అదే మాట. నేను 1980ల మొదట్లో ఉద్యోగంలో చేరిన కొత్తలో, పుదుపేటలో పాత స్పేర్ పార్టుల కొట్టు నడిపే మా బావతో కలిసి రెండు మూడు సార్లు వెళ్లాను. పొద్దున్నే పులిహోర పొట్లం, మంచినీళ్ల సీసా పట్టుకుని బస్సెక్కేవాళ్లం. చెట్టు నీడ అనేది లేదు. రన్‌వే కాంక్రీటు మీద ఎండ, పెట్రోలు వాసన, దుమ్ము. సాయంత్రానికి చెవుల్లో గింగురుమనే మోత తప్ప ఇంకేమీ వినపడేది కాదు. అయినా మళ్లీ ఫిబ్రవరి కోసం ఎదురుచూసేవాళ్లం.

అక్కడ పరుగెత్తే కార్లు రెండు రకాలు. ఒక రకం, మన రోడ్ల మీద రోజూ కనపడేవే. ఫియట్ 1089 సిసి, అంబాసిడర్ 1489 సిసి, స్టాండర్డ్ హెరాల్డ్ 948 సిసి. లోపల సీట్లు పీకేసి, బరువు తగ్గించి, ఇంజన్ హెడ్ చెక్కించి, కార్బ్యురేటర్లు మార్చి నడిపేవారు. రెండో రకం, విదేశాల నుంచి తెప్పించిన అసలు సిసలు రేసు కార్లు. విజయ్ మాల్యా నడిపిన ఎన్‌సైన్ అలాంటిదే. ఒకప్పుడు ఫార్ములా వన్‌లో పరుగెత్తిన కారు అది. మూడు లీటర్ల, ఎనిమిది సిలిండర్ల కాస్‌వర్త్ ఇంజన్. అది స్టార్ట్ చేస్తే జనం లేచి నిలబడేవాళ్లు. నేనూ నిలబడ్డాను, అబద్ధం ఎందుకు. మా బావ అయితే ఆ రోజంతా దాని గురించే మాట్లాడాడు. ఇంజన్ అంటే అదీ అని ఆయన తీర్పు.

పెద్ద ఇంజనా, చిన్న ఇంజనా అన్న తగువు మన దగ్గరే కాదు, అమెరికాలో ఇప్పటికీ తెగలేదు. అక్కడ పాత స్పోర్ట్స్ కార్ల పిచ్చి ఉన్నవాళ్లు స్మాల్ బ్లాక్, బిగ్ బ్లాక్ అని రెండు జట్లుగా ఉంటారు. షెవర్లే వాళ్ల కార్వెట్ కారుని తీసుకోండి. 1965లో అది కొనేవాడి ముందు రెండు దారులుండేవి. ఒకటి 327 క్యూబిక్ అంగుళాల చిన్న బ్లాక్, అంటే మన లెక్కలో దాదాపు 5.4 లీటర్లు, ఫ్యూయెల్ ఇంజెక్షన్‌తో 375 హార్స్‌పవర్. రెండోది కొత్తగా వచ్చిన 396 క్యూబిక్ అంగుళాల పెద్ద బ్లాక్, 6.5 లీటర్లు, 425 హార్స్‌పవర్. పెద్దదానికి శక్తి ఎక్కువ, పైగా ఇంజెక్షన్ ఉన్న చిన్నదాని కంటే ధర తక్కువ. ఇంకేం, జనం పెద్దదాని వైపే మొగ్గారు. ఆ ఏడాది తర్వాత చిన్న బ్లాక్ మీద ఆ ఇంజెక్షన్‌ని కంపెనీ ఎత్తేసింది.

ఆ పెద్ద ఇంజన్‌తో పాటు ముందు చక్రాల మీద దాదాపు 70 కిలోల అదనపు బరువు కూడా వచ్చి కూర్చుంది. తిన్నగా పోయేటప్పుడు అది తెలియదు, మలుపులో తెలుస్తుంది. ముక్కు బరువైన కారు తిరగమంటే తిరగదు, బ్రేకులు త్వరగా వేడెక్కుతాయి, ముందు టైర్లు అరుగుతాయి. ఆ కార్వెట్‌ని తీర్చిదిద్దిన ఇంజనీరు జోరా ఆర్కస్ డంటోవ్‌కి ఈ సంగతి బాగా తెలుసు. ఆయన స్వయంగా 1954లోనూ 1955లోనూ ఫ్రాన్స్‌లోని లెమాన్ 24 గంటల పందెంలో తన తరగతి గెలిచింది 1100 సిసి పోర్షే నడిపి. అది మన ఫియట్ ఇంజన్ అంతే ఉంటుంది.

కరి కూడా చూసి చెప్పే రకం కాదు, స్వయంగా పందేలు నడిపినవారు. పెద్ద ఇంజన్ రుచి తెలియని మనిషి కాదు, కొనలేని మనిషీ కాదు. ఆయన తల్చుకుంటే ఇంకో విదేశీ కారు దింపించి, ఏడాదికోసారి షోలవరంలో జనాన్ని లేపి నిలబెట్టి, కప్పు పట్టుకుని మిల్లుకి వెళ్లిపోవచ్చు. ఆ రోజుల్లో చాలామంది శ్రీమంతులు చేసింది అదే. తప్పు అనను, వాళ్లు లేకపోతే షోలవరానికి మనం వెళ్లేవాళ్లమే కాదు. కానీ అలా దిగిన కారుకి ఒక పిస్టన్ రింగు పోతే మళ్లీ ఇంగ్లండుకి రాయాలి. దిగుమతి సుంకం కట్టాలి, కస్టమ్స్ వాళ్ల చుట్టూ తిరగాలి. జీవితమంతా ఫైళ్లు కదిపిన గుమస్తాని, ఆ కాలంలో ఒక దిగుమతి కాగితం ఎన్ని బల్లలు దాటాలో నాకు తెలుసు. ఈలోగా ఫిబ్రవరి వెళ్లిపోయేది. అసలు సమస్య అంతకంటే పెద్దది. ఆ కార్లు నడిపేవాళ్లు దేశం మొత్తం మీద వేళ్ల మీద లెక్కపెట్టగలిగినంతమంది. కొత్త కుర్రాడు ఎవడైనా నేర్చుకోవాలంటే ఎక్కడ నేర్చుకుంటాడు? నాన్న ఫియట్ తీసుకుని రన్‌వే మీదికి రావాలి.

1983 డిసెంబరులో మారుతి 800 వచ్చింది. పెళ్లికి కారు, ఆఫీసుకు కారు అని జనం ఎగబడ్డారు. ధర సుమారు యాభై వేలు. దాని ఇంజన్ 796 సిసి, మూడే సిలిండర్లు, శక్తి 40 హార్స్‌పవర్ లోపే. పుదుపేటలో మా బావా వాళ్ల స్నేహితులూ దాన్ని కుట్టుమిషన్ అని ఎగతాళి చేశారు. అంబాసిడర్ ఇంజన్‌ని ఇద్దరు మోయలేరు, దీన్ని ఒక్కడు ఎత్తుకుపోతాడని నవ్వారు.

అలా ఎత్తుకుపోగలగడమే దాని బలం అని కరి గ్రహించారు. 1980ల చివర్లో ఆ ఇంజన్‌ని ఆధారం చేసుకుని ఆయన ఒంటి సీటు రేసు కారు ఒకటి రూపొందించారు. దానిపేరు ఫార్ములా మారుతి. చూడటానికి నిజమైన ఫార్ములా కారే. చక్రాలు బయటికి ఉంటాయి, డ్రైవర్ నేలబారుగా కూర్చుంటాడు, ఇంజన్ అతని వెనక ఉంటుంది. మారుతి 800లో ఇంజనూ గేర్ బాక్సూ రెండూ కలిసి అడ్డంగా ముందు చక్రాల మధ్య ఇముడుతాయి. ఆ ముద్దని అలాగే తెచ్చి వెనక చక్రాల దగ్గర పెడితే, అదే వెనక చక్రాలను తిప్పుతుంది. పొడవాటి ప్రొపెల్లర్ షాఫ్టు అక్కర్లేదు, బరువు తగ్గుతుంది. అంబాసిడర్ ఇంజన్‌తో ఈ పని ఇంత సులువుగా కుదరదు.

ఇక్కడ నా గుమస్తా లెక్క ఒకటి చెప్పనివ్వండి. మారుతి 800 కారు బరువు దాదాపు 650 కిలోలు, శక్తి 40 హార్స్‌పవర్ అనుకుందాం. అంటే ఒక్కో హార్స్‌పవర్ 16 కిలోలు లాగాలి. అదే ఇంజన్‌ని 400 కిలోల కారులో పెట్టామనుకోండి, ఒక్కో హార్స్‌పవర్ లాగేది 10 కిలోలే. ఇంజన్‌కి పైసా ఖర్చు పెట్టకుండానే కారు చురుకైపోయింది. పైగా తేలిక కారు మలుపు దగ్గర ఆలస్యంగా బ్రేకు వేసుకోవచ్చు, త్వరగా తేరుకోవచ్చు. టైర్లు ఎక్కువ కాలం వస్తాయి. పెద్ద ఇంజన్ పెట్టి ఇదే సాధించాలంటే దానికి తగ్గ గేర్ బాక్సు, దానికి తగ్గ బ్రేకులు, వాటికి తగ్గ చక్రాలు, వాటన్నిటినీ మోయడానికి ఇంకా గట్టి చాసిస్ కావాలి. పెళ్లికి ముందు ఒక్క పట్టుచీరే అనుకుని బజారుకి వెళ్లినట్టు ఉంటుంది ఆ వ్యవహారం.

అంతకుముందే దీనికి ఒక చిన్న రుజువు జనం కళ్లముందు ఉంది. బెంగళూరులో తయారైన సిపాని డాల్ఫిన్ కారు. 848 సిసి ఇంజన్, ఫైబర్‌గ్లాస్ బాడీ. బజారులో అది నిలవలేదు, మారుతి ముందు తేలిపోయింది. కానీ పందేల్లోనూ ర్యాలీల్లోనూ అది పెద్దవాళ్లను పరుగులు పెట్టించింది. కారణం బరువు లేకపోవడమే.

ప్రపంచంలో ఈ ఆలోచన కొత్తదేమీ కాదు. అమెరికాలో 1963లో ఫోక్స్‌వాగన్ బీటిల్ 1200 ఇంజన్‌తో ఫార్ములా వీ అనే తరగతికి గుర్తింపు వచ్చింది. 1967లో ఇంగ్లండులో మామూలు ఫోర్డ్ కారు ఇంజన్‌తో ఫార్ములా ఫోర్డ్ మొదలైంది. రెండిట్లోనూ సూత్రం ఒకటే. అందరికీ ఒకే చవక ఇంజన్ ఇవ్వు, అప్పుడు ఎవరి కాలు, ఎవరి చెయ్యి మంచిదో తెలుస్తుంది. ఆ దారిని మన దేశానికి, మన బజారులో దొరికే సామానుకి తగినట్టు మలచడం కరి గొప్పతనం. మారుతి పార్టులు తిరునెల్వేలిలో దొరికేవి, గుంటూరులో దొరికేవి. రేసు ముందు రోజు రాత్రి క్లచ్ ప్లేటు పోతే పొద్దుటికల్లా కొత్తది వేసుకోవచ్చు. ఇంగ్లండుకి ఉత్తరం రాయక్కర్లేదు.

మా బావ దీనికి ఒప్పుకోలేదు, ఇప్పటికీ పూర్తిగా ఒప్పుకోడు. మోత లేని పందెం ఉప్పు లేని పప్పులా ఉంటుందని ఆయన వాదన. జనం టికెట్ కొనుక్కుని వచ్చేది పెద్ద ఇంజన్ చప్పుడు వినడానికే కానీ పదిహేను కుట్టుమిషన్లు వరుసగా వెళ్లడం చూడటానికి కాదంటాడు. ఇందులో కొంత నిజం ఉంది.  ఇంకో మాట కూడా ఉంది. 40 హార్స్‌పవర్ మీద నేర్చుకున్నవాడు ఒక్కసారిగా వందల హార్స్‌పవర్ కారు ఎక్కితే మళ్లీ మొదటి నుంచి నేర్చుకోవాలి. కానీ తక్కువ శక్తి కారు ఇంకోటి నేర్పుతుంది. మలుపులో వేగం పోగొట్టుకుంటే తిరిగి తెచ్చుకోవడానికి ఇంజన్ సాయం చేయదు. అందుకని ఉన్న వేగాన్ని పారబోసుకోకుండా కాపాడుకోవడం అలవాటవుతుంది. జీతం తక్కువున్నవాడికి పొదుపు వచ్చినట్టు. ఈ విషయంలో నా ఓటు కరి గారికే.

1990లో షోలవరం కథ మారింది. మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్ శ్రీపెరుంబుదూరు దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో సొంతంగా పక్కా ట్రాక్ కట్టుకుంది. దాని పొడవు 3.7 కిలోమీటర్లు. రన్‌వే కాదు, మలుపులున్న అసలు రేసు ట్రాక్. మలుపులు ఎక్కువైన కొద్దీ తేలిక కారుకి విలువ పెరుగుతుంది కదా. ఫార్ములా మారుతి అక్కడ బాగా కుదురుకుంది. కరి ఒకవైపు కార్లు తయారు చేస్తూ, ఇంకోవైపు వాటిలో కూర్చోవడానికి కుర్రాళ్లను వెతికి ప్రోత్సహించేవారు. తాను గెలవడం కంటే ఇంకొకరిని ఎక్కించడం మీద ఆయన ధ్యాస పడింది. రేసు డ్రైవర్లలో ఈ గుణం అరుదు, స్టీరింగ్ పట్టుకున్నవాడు వదలడు.

1993లో పదహారేళ్ల కోయంబత్తూరు కుర్రాడు ఒకడు ఇరుంగాట్టుకోట్టైలో ఫార్ములా మారుతి ఎక్కాడు. అతని తండ్రి జి.ఆర్. కార్తికేయన్ దక్షిణ భారత ర్యాలీ ఎన్నోసార్లు గెలిచినవారు. కుర్రాడి పేరు నారాయణ్ కార్తికేయన్. మొదటి పందెంలోనే మొదటి ముగ్గురిలో నిలిచాడు. మరుసటి సంవత్సరం ఇంగ్లండు వెళ్లి ఫార్ములా ఫోర్డ్ శీతాకాలపు పోటీలు గెలిచాడు.

కరి అక్కడిదాకా చూశారు. 1995 ఆగస్టు 24న విమాన ప్రమాదంలో ఆయన చనిపోయారు. అప్పటికి వయసు 41. రేసు ట్రాక్ మీద అంత వేగాలు చూసిన మనిషి ఆకాశంలో పోయారు. మరుసటి సంవత్సరం, 1996లో, నారాయణ్ కార్తికేయన్ ఫార్ములా ఆసియా ఛాంపియన్ అయ్యాడు. 2005 మార్చిలో ఆస్ట్రేలియాలో జోర్డాన్ జట్టు కారులో ఫార్ములా వన్ పందెంలో దిగాడు, ఆ పోటీల్లో పాల్గొన్న తొలి భారతీయుడిగా. ఆ కారుది మూడు లీటర్ల, పది సిలిండర్ల టయోటా ఇంజన్. మూడు సిలిండర్ల 796 సిసి దగ్గర మొదలైన కాలు అది.

ఆ రోజు టీవీ ముందు మా బావ, నేను పక్కపక్కనే కూర్చున్నాం. ఆయన ఆ మోత వింటూ ఆనందించాడు. నేను కుట్టుమిషన్ మాట గుర్తుచేస్తే వినపడనట్టు టీ తెమ్మని మా అక్కకు కేక వేశాడు.

కోయంబత్తూరు దగ్గర చెట్టిపాళయంలో తర్వాత ఒక రేసు ట్రాక్ వచ్చింది. ఆయన పేరు మీదే దానికి కరి మోటార్ స్పీడ్‌వే అని పేరు పెట్టారు. జాతీయ స్థాయి పోటీలు అక్కడ జరుగుతాయి. ఎల్.జి.బి. ఫార్ములా 4 అనే తరగతిలో కుర్రాళ్లు నడిపే కార్లకు మారుతి స్విఫ్ట్ 1298 సిసి ఇంజన్ వాడతారు. కరి వాడిన దానికంటే అయిదు వందల సిసి ఎక్కువ, కానీ ఇప్పటికీ బజారులో దొరికే మామూలు కారు ఇంజనే.

సంఘం సభ్యులకు, పాఠకులకు ఒక మనవి. 1970, 80ల నాటి షోలవరం పందేల ఫొటోలు, టికెట్లు, ప్రోగ్రాం పుస్తకాలు ఎవరి ఇంట్లోనైనా ఉంటే, ముఖ్యంగా కరివర్ధన్ గారు కనిపించేవి, ఒక్కసారి సంఘం కార్యాలయానికి తెచ్చి చూపించండి. నకలు తీసుకుని ఒరిజినల్ మీకు అప్పుడే తిరిగి ఇచ్చేస్తాం. మా బావ దగ్గర ఒక టికెట్ ముక్క ఉంది, మీద పులిహోర నూనె మరకతో. దాన్ని ఇప్పటికే ఫైల్లో పెట్టాను.